మిల్లింగు మిషనుకు పెట్టిన కిటికీ

మిషను రిపేరు చేసేవాడు వచ్చి, చూసి, పావుగంటలో బాగుచేసి లేస్తే, అడిగిన డబ్బు ఇవ్వడానికి మా వైపు జనానికి మనసొప్పదు. అదే మనిషి పొద్దంతా చెమటలు కక్కి, చొక్కాకు నూనె పూసుకుని, నడుమ రెండుసార్లు తల పట్టుకుని కూర్చుని అదే పని చేస్తే, డబ్బుతో పాటు కాఫీ కూడా ఇస్తారు. ప్రొద్దుటూరులో పుట్టి బట్టల అంగట్లో పెరిగినవాణ్ణి కాబట్టి, ఈ సంగతి నాకు పని నేర్చుకోక ముందే తెలుసు. పని నేర్చుకున్నాక చాలా ఏళ్ళు దీని మీదే బతికాను. సిగ్గు పడాల్సిన మాటే. కానీ ఐటీఐ పాసై ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నాలుగు మాటలు రాయమని అడిగినప్పుడు, నా గొప్పలు రాస్తే అర పేజీకే అయిపోయాయి. తప్పులు రాయడం మొదలుపెడితే కాగితాలు చాలలేదు.

నేను చేసింది లేత్ మిషన్లు, మిల్లింగు మిషన్లు బాగుచేసే పని. మొదట ప్రొద్దుటూరులో ఒక ఇంజనీరింగు వర్క్స్‌లో, తర్వాత సొంతంగా. చేతిలో సంచి, సంచిలో పానాలు, వెంట్రుకంత కదలికనూ ముల్లుతో చూపే డయల్ గేజి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, పులివెందుల, ఎక్కడ షెడ్డు ఉంటే అక్కడికి బస్సు. లేత్ సంగతి పక్కన పెట్టి, ఇక్కడ మిల్లింగు మిషను గురించే రాస్తాను. అందులోనూ ఒకే ఒక్క స్క్రూ గురించి.

కనపడని స్క్రూ

తెలియనివాళ్ళకు కాస్త చెప్పాలి. మిల్లింగు మిషనులో తిరిగే పనిముట్టు పైన ఉంటుంది. కోయాల్సిన ఇనుమును కింద టేబులు మీద బిగిస్తారు. పిడి తిప్పితే టేబులు కుడికీ ఎడమకీ జరుగుతుంది. టేబులు కింద పొడుగాటి మరకడ్డీ ఒకటి ఉంటుంది, దాన్ని పట్టుకుని ఒక ఇత్తడి నట్టు ఉంటుంది. వాడగా వాడగా ఆ నట్టు అరుగుతుంది. అరిగితే సందు వస్తుంది. మేము ప్లే అంటాము. పిడి తిప్పితే వెంటనే కదలాల్సిన టేబులు, కాసేపు ఆలోచించి కదులుతుంది. కోత మధ్యలో పనిముట్టు లాగితే చెప్పకుండా తనంతట తానే జరుగుతుంది. సన్నని గాడి కోయమంటే వెడల్పు గాడి కోస్తుంది.

దీనికి మందు నట్టులోనే ఉంది. చిన్న స్క్రూ. పావు మలుపు బిగిస్తే సందు పోతుంది. కానీ చాలా చిన్న మిషన్లలో ఆ స్క్రూ నట్టు నెత్తిన, టేబులుకు సరిగ్గా కింద ఉంటుంది. దాన్ని చేరాలంటే మరకడ్డీ తీయాలి, టేబులును ఇద్దరు పట్టి పక్కకు లాగి దించాలి. పావు మలుపు తిప్పి మళ్ళీ అంతా ఎక్కించాలి. ఎక్కించాక చూస్తే ఎక్కువ బిగిసి ఉంటుంది. మళ్ళీ దించాలి.

నాకు పని నేర్పిన మేస్త్రి మా వర్క్స్ యజమాని కూడా. ఆయన ఒకే మాట చెప్పేవాడు: "చేత్తో పట్టి సూడు. గేజి తర్వాత చెప్తాది." చేత్తో టేబులును ఊపి, సందు ఎంతో చెప్పడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పనిలో ఆయనకు లోపం లేదు. లోపమల్లా ఒకటే. ఎవడైనా పార్టీ, అంటే మిషను ఓనరు, వచ్చి, "ఈ స్క్రూ బయట పెట్టకూడదా అప్పా?" అని అడిగితే, "బయట పెడితే మేమేం తినాలప్పా?" అని నవ్వేవాడు. అందరం నవ్వేవాళ్ళం. నేను అందరికంటే గట్టిగా నవ్వేవాణ్ణి.

పసుపు కుంకుమ

మా నాయన అంగట్లో చీర చీటీ మీద కొన్న ధర అంకెల్లో ఉండేది కాదు. పది అంకెలకు పది అక్షరాలు పెట్టుకున్నాడు. ఆ అక్షరాలు చూస్తే బేరంలో ఎంతవరకు దిగవచ్చో మాకు తెలుస్తుంది, కొనేవాళ్ళకు తెలియదు. మా వీధిలో ప్రతి అంగడికీ ఇలాంటిది ఒకటి ఉండేది. తప్పనుకునేవాళ్ళు ఎవరూ లేరు.

ఆ తెలివిని నేను మిషన్లలోకి తెచ్చాను. టేబులు ఊగకుండా పక్కన కొన్ని స్క్రూలు ఉంటాయి. ఒక్కొక్కటి ఎంత బిగించాలో ఆ మిషనును బట్టి మారుతుంది. మర్చిపోకుండా ప్రతి స్క్రూ పక్కన పెయింటుతో రాసి పెట్టేవాణ్ణి. అంకెల్లో రాస్తే ఓనరే బిగించుకుంటాడు కదా. అందుకని మా నాయన అక్షరాల్లో రాసేవాణ్ణి. ఎంత మురిసిపోయానో చెప్పలేను.

పులివెందులలో రామాంజి అని ఒకాయన బోరు మోటార్ల షెడ్డు పెట్టుకున్నాడు. ఒక ఎండాకాలం, చీనీ, అదే బత్తాయి, తోటలకు నీళ్ళు అందక రైతులు మోటార్లు మోసుకుని వస్తున్న రోజుల్లో, ఆయన మిషను టేబులు ఊగడం మొదలైంది. నేను అనంతపురంలో పెళ్ళిలో ఉన్నాను. ఫోను ఎత్తలేదు. ఆయన సొంతంగా అన్ని స్క్రూలూ గట్టిగా బిగించేశాడు. టేబులు కరుచుకుపోయింది. పిడికి పైపు తొడిగి తిప్పాడు. లోపల ఇత్తడి నట్టు మరలన్నీ ఊడొచ్చాయి.

మూడు రోజులు షెడ్డు నిలిచిపోయింది. నేను పోయేసరికి వేముల నుంచి వచ్చిన రైతు ఒకాయన గడప మీద కూర్చుని ఉన్నాడు. ఆయన మోటారు షాఫ్టు మిషను మీదే ఆగిపోయింది. నన్ను చూసి, "పెండ్లిలో భోజనం బాగుండెనా అప్పా? మా చెట్లు ఎండుతాండాయి," అన్నాడు. కూర్చుని మిషను చూస్తే, నేను రాసిన అక్షరాల మీద పసుపు, వాటి మీద కుంకుమ బొట్లు.

"ఇదేంది రామాంజీ?"

"ఆయుధపూజ నాడు పెట్టినా మామా. నువ్వు మంత్రం ఏదో రాసినావని అనుకున్న్యా."

"మంత్రం గాదప్పా, అవి లెక్కలు. ఇది ఒకటిన్నర మలుపు, ఇది ఒకటీ ముక్కాలు."

ఆయన కాసేపు ఆ అక్షరాలనూ, నన్నూ మార్చి మార్చి చూశాడు. "అంటే మూడేండ్లుగా నీ లెక్కకు నేను టెంకాయ కొడతాండానా?" అన్నాడు.

గడప మీది రైతు పగలబడి నవ్వాడు. ఆ నవ్వే నన్ను కాపాడింది, లేకుంటే తన్నులు తినేవాణ్ణి. నట్టు నా ఖర్చుతో వేశాను. అక్షరాలు తుడిచి అంకెలు రాశాను. తర్వాత నేను ముట్టుకున్న ప్రతి మిషను మీదా అంకెలే రాశాను.

పిల్లలకు చెప్పేది ఇదే: మిషనులో రహస్యం దాచవద్దు. మీరు లేనప్పుడే అది అవసరమవుతుంది. అంత బుద్ధి వచ్చింది కదా, మరి ఆ నట్టు స్క్రూ సంగతి ఏమైనా ఆలోచించానా అంటే, లేదు. టేబులు కింద దాచింది నేను కాదు, మిషను చేసిన కంపెనీ. దాని మీద వచ్చే లాభానికి నా మనస్సాక్షి అడ్డం రాలేదు. అడ్డం రావడానికి జమ్మలమడుగు పోవాల్సి వచ్చింది.

షంషాద్ షెడ్డు

పని మానేశాక జరిగింది ఇది. జమ్మలమడుగులో మహబూబ్ అనే ఆయన కువైట్‌లో పైపుల పని చేసి తిరిగొచ్చాడు. అక్కడ పరంజా మీద నుంచి జారి కుడి భుజం దెబ్బతింది. చేయి తలమీదికి లేవదు. ఉన్న డబ్బుతో ఒక పాత చిన్న మిల్లింగు మిషను కొని ఇంటి పక్కన రేకుల షెడ్డులో పెట్టాడు. మిషను నడిపేది మాత్రం ఆయన భార్య షంషాద్. అంతకుముందు పదేళ్ళు ఆమె బట్టలు కుట్టింది. "డయలు మీద గీత చదివేదానికి నా కండ్లకంటే ఆమె కండ్లు మేలు మామా," అని ఆయనే చెప్పాడు.

నన్ను పిలిచింది ఎందుకంటే, ఎర్రగుంట్ల దారిలో నాపరాయి పాలిషింగు ఫ్యాక్టరీ నడిపే ఓబుళరెడ్డి వీళ్ళకు పని ఇచ్చాడు. రాయిని రుద్దే పాలిషింగు తలలకు జానెడు షాఫ్టులు, వాటిలో చావి అనే ఇనుప ముక్క కూర్చునే గాడి. గాడి వెడల్పయితే చావి ఊగుతుంది, ఊగితే రాయి మీద తల విరుగుతుంది. మొదటి మోపులో సగం ఊగాయి. ఇంకొక్కసారి చూస్తానన్నాడు ఓబుళరెడ్డి. శుక్రవారం మధ్యాహ్నానికి పన్నెండు షాఫ్టులు. బాగుంటే పని మొత్తం వీళ్ళకే, లేకపోతే ప్రొద్దుటూరుకు పోతుంది.

ఇంకోవైపు కువైట్ నుంచి ఏజెంటు ఫోను చేస్తున్నాడు. భుజం బాగాలేకపోయినా పర్వాలేదు, స్టోరులో కూర్చునే పని ఉందంటాడు. ఆయనకు కూడా జవాబు శుక్రవారానికే కావాలి.

"షెడ్డు నడవకుంటే పోవాల్సిందే మామా," అన్నాడు మహబూబ్.

షంషాద్ పాతగుడ్డతో మిషను తుడుస్తూ, "పదకొండేండ్లు ఫోన్లోనే కాపరం చేసినాం. ఇంగ నాకు చేత గాదు," అంది. నాతో అన్నట్టే అంది, వినాల్సింది మాత్రం ఆయన.

టేబులును రెండు చేతులతో పట్టి ఊపాను. సందు బాగా ఉంది. నట్టు కొత్తదే వేశారు, ఇంకా కుదురుకోలేదు. కొత్త ఇత్తడి కొన్నాళ్ళు రోజుకు కాస్త సర్దుకుంటూనే ఉంటుంది, సర్దుకున్నప్పుడల్లా ఆ స్క్రూ బిగించాలి. అంటే రోజుకోసారి టేబులు దించాలి. ఆమె ఒక్కతే లేపలేదు, ఆయన భుజం లేవదు.

నేను నా పాత అలవాటు ప్రకారం తల పట్టుకుని, నిట్టూర్చి, "శానా పెద్ద పని," అన్నాను. ఆమె ఆ నిట్టూర్పును అసలు పట్టించుకోలేదు. మూలనున్న కుట్టుమిషను దగ్గరికి పోయి, సూది కింద ఉన్న చిన్న రేకు పలకను వేలితో పక్కకు జరిపింది. లోపల బాబిన్ కనిపించింది.

"చూడప్పా. దారం అయిపోతే ఇది జరిపి చేయి పెడతాం. మిషను విప్పుతామా? దీనికి ఇట్లా పలక ఏంటికి లేదు?"

నలభై ఏళ్ళ అనుభవం ఉన్నవాడిగా దీనికి చాలా జవాబులు చెప్పవచ్చు. ఇది పోత ఇనుము అనవచ్చు, టేబులుకు చిల్లు పెడితే బలం పోతుందనవచ్చు. రెండూ అన్నాను కూడా.

"బలం అంటే ఎంత పోతాది?" అంది.

"పెద్దగా ఏం పోదు," అని నోరు జారాను.

"మల్ల?"

మల్ల ఏముంది. నాకు ఒకటి అర్థమైంది. నాకు ఈ ఆలోచన రాక కాదు. వచ్చినప్పుడల్లా మా మేస్త్రి నవ్వు గుర్తుకొచ్చి, నేనూ నవ్వి ఊరుకున్నాను.

చిల్లు బేరం

టేబులు మీద చిల్లు పెట్టాలి. టేబులును ఒక గుర్తు దగ్గర ఆపితే, ఆ చిల్లులోంచి చూస్తే కింద స్క్రూ కనపడాలి, దాన్ని తిప్పే అలెన్ కీ దిగాలి. చిల్లు ఎంత పెద్దది ఉండాలన్న దగ్గర మొదలైంది.

"పద్నాలుగు మిల్లీ," అంది షంషాద్.

"ఆరు," అన్నాను.

"ఆరులో కీ పోతే నా కన్ను యాడ పెట్టేది? పద్నాలుగు."

"అమ్మా, ఇది టేబులు. జల్లెడ గాదు. ఏడు."

"పన్నెండు."

"ఎనిమిది. ఇంగ నాకు మిగిలేదేం లేదు."

ఇది మా అంగట్లో చివరి మాట. కొనేవాళ్ళు ఆగి ఆలోచించేది ఇక్కడే. ఆమె ఆగలేదు. "నీకు మిగిలేదానికి నీ టేబులా ఇది?" అంది. మహబూబ్ గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు.

పది దగ్గర తెగింది. పదీ కాస్త చిల్లర, ఎందుకంటే చిల్లుకు మరలు తీసి ఇత్తడి బిరడా బిగించాలి, లేకుంటే కోసిన పొడి అంతా నట్టులో పడుతుంది. బిరడా సంగతి నేను చెప్పాను. అది టేబులు మీదికి లేవకుండా ఒక వెంట్రుక కిందికే ఉండాలన్నది కూడా నేనే చెప్పాను. ఆ రోజు నాకు దక్కిన గౌరవం అంతే కాబట్టి రాస్తున్నాను.

చిల్లు ఎక్కడ పెట్టాలో తెలియాలి కదా. నేను టేపు తీసి, కాగితం మీద కొలతలు వేసి, కూడి తీసేసి, ఒక చోటు చెప్పాను. రెండోసారి వేస్తే ఇంకో చోటు వచ్చింది. షంషాద్ లోపలికి పోయి కళ్ళకు పెట్టుకునే నల్లని సుర్మా డబ్బా తెచ్చింది. నేను, మహబూబ్, పక్కింటి ఆయన కలిసి అప్పటికే టేబులు దించి పెట్టాము. ఆమె నట్టు స్క్రూ తీసేసి, ఆ చోట పొడుగు స్క్రూ ఒకటి తిప్పించింది. అది టేబులు అడుగుకు తగిలీ తగలనంత ఎత్తు ఉండేటట్టు చూసి, దాని నెత్తికి సుర్మా పూసింది.

"ఇప్పుడు టేబులు తోయండి. గుడ్డ మీద గీత గీసినట్ల అదే గీస్తాది."

టేబులు ఎక్కించి, జానెడు జరిపి, మళ్ళీ దించి తిరగేస్తే అడుగున నల్లని గీత తిన్నగా ఉంది. ఆ గీత మీద ఎక్కడ చిల్లు వేసినా, టేబులును ఆ చోటికి జరిపితే స్క్రూ కిందే ఉంటుంది. నా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. నా రెండు చోట్లూ ఆ గీతకు చెరో వైపు ఉన్నాయి, ఒకటి బొటనవేలి వెడల్పు దూరంలో. దాని ప్రకారం పోయి ఉంటే టేబులు పాడయ్యేది, శుక్రవారం కూడా పోయేది. కొలిచి చెప్పబోయేదాన్ని ముందు మిషను చేతనే ముద్ర వేయించి చూడండి. మిషను తన కొలత తానే చెప్తుంది, మనం అడిగితే.

నిటారుగా తొలిచే డ్రిల్లు ఎదురు సందులో గేట్లు చేసే షెడ్డులో ఉంది. టేబులును తోపుడు బండి మీద వేసుకుని బయలుదేరాము. సందు మొదట్లో పాత ఇనుప సామాన్ల ఆయన మమ్మల్ని ఆపాడు.

"కిలో ఎంతకిస్తారు?"

"నువ్వు చెప్పు," అన్నాను. నేను కాదు, నా నోరు.

"ముప్పై అయిదు."

"ముప్పై అయిదా? పోత ఇనుమప్పా ఇది, రేకు ముక్క అనుకున్నావా? తట్టి సూడు, గంట మోగినట్ల మోగుతాది."

ముప్పై ఎనిమిది అన్నాడు. నేను బండి ఆపాను. నలభై రెండు దాకా తెచ్చాను. వెనక నుంచి షంషాద్, "అప్పా, మనం అమ్మడంల్యా!" అని అరిచేదాకా నాకు ఆ ధ్యాసే లేదు. సామాన్లాయన నా మీద కోపం తెచ్చుకోలేదు. మంచి బేరగాణ్ణి కలిసినట్టు చేయి ఊపి పంపాడు.

డ్రిల్లు కింద టేబులును బోర్లించి పెట్టి మొదట సన్నని చిల్లు వేశాను. పోత ఇనుము చుట్టలు చుట్టలుగా రాదు, నల్లని పొడిగా రాలుతుంది. గేట్ల షెడ్డువాళ్ళు పని ఆపి చూస్తున్నారు. అవతలికి తేలినప్పుడు చిల్లు, టేబులు మీద బోల్టులు కూర్చునే గాడి అడుగున, అంచుకు తగలకుండా వచ్చింది. షంషాద్ టేబులు మీదికి వంగి, ఒక కన్ను మూసి, చిల్లులోంచి నేల చూసింది. "ఎనిమిది పెట్టింటే నా తిట్లు తినుంటావు," అంది.

బుధవారం సాయంత్రానికి టేబులు ఎక్కింది, బిరడా బిగిసింది, ఆపాల్సిన చోట గీత పడింది. ఆమె బిరడా తీసి, కీ దించి, టేబులును ఊపి చూస్తూ స్క్రూను కొంచెం కొంచెంగా బిగించింది. నేను కుర్చీలో కూర్చున్నాను. నలభై ఏళ్ళు అరపూట తీసుకున్న పని టీ చల్లారేలోపు అయిపోయింది. నాకు సంతోషమే. కానీ నా పాత పార్టీల ముఖాలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి.

శుక్రవారం

మహబూబ్ నమాజు ముగించుకుని వచ్చేసరికి ఓబుళరెడ్డి జీపు వాకిట్లో ఉంది. లావుపాటి మనిషి, తెల్ల చొక్కా. జేబులోంచి ఒక చావి తీసి, పన్నెండు షాఫ్టులను వరసగా పెట్టించి, ఒక్కొక్క గాడిలో దాన్ని బొటనవేలితో నొక్కుతున్నాడు. గట్టిగా దిగితే తల ఊపుతాడు. మహబూబ్ ఫోను రెండుసార్లు మోగింది. తీయలేదు.

ఎనిమిది అయ్యాయి. తొమ్మిదో దాంట్లో చావి సులువుగా దిగి, వేలు తీయగానే కదిలింది.

"ఇదేందమ్మా?" అన్నాడు ఓబుళరెడ్డి. "ఊడే పన్ను ఊగినట్ల ఊగుతాంది."

పదోదీ అంతే. మిగతా రెండూ అంతే. మహబూబ్ ఫోను మూడోసారి మోగింది. ఈసారి తీసి చేతిలో పట్టుకున్నాడు, చెవికి పెట్టలేదు.

నా చేయి అలెన్ కీ కోసం పోయింది. అక్కడ లేదు. అది అప్పటికే షంషాద్ చేతిలో ఉంది.

"పొద్దున ఎనిమిది కోసినాక నట్టు సర్దుకునింది అన్నా," అంది ఓబుళరెడ్డితో. దాచలేదు, సాకు చెప్పలేదు. "నేను మళ్ళా పట్టి సూడకుండా కోసినా. తప్పు నాదే. అరగంట కూచుంటావా?"

"నాకు ఎర్రగుంట్లలో పని ఉండాది."

"పని యాడికీ పోదు. కూచో."

ఆ గొంతుకు ఆయన కూర్చున్నాడు. ఆమె టేబులును గీత దగ్గరికి జరిపింది. బిరడా తీసింది. కీ దించి తిప్పింది, పావు కూడా కాదు, అందులో సగం. టేబులు అంచు పట్టి ఊపింది. ఇంకొక్క వెంట్రుక తిప్పింది. మళ్ళీ ఊపింది. డయల్ గేజి పెట్టి చూసి, నాకు చూపించలేదు. బిరడా బిగించి, గుడ్డతో తుడిచి, మిగులుగా ఉన్న కోయని షాఫ్టు ఒకటి ఎక్కించింది.

నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెనక్కి కట్టుకున్నాను. ఓబుళరెడ్డి నావైపు వంగి, "నువ్వేం మేస్త్రివప్పా, సూస్తా నిలబడినావు?" అన్నాడు మెల్లగా.

"నన్ను పిలవలేదు రెడ్డీ," అన్నాను.

"ఆ చిల్లు కంపెనీదేనా?"

"కంపెనీ మరిచిపోయింది. ఈయమ్మ పెట్టించింది."

కోత మొదలైంది. ఒక వైపు, తర్వాత రెండో వైపు. శబ్దం వింటే నాకు తెలుస్తుంది, టేబులు పట్టు తప్పలేదు. ఆమె షాఫ్టు విప్పి, నూనె తుడిచి, ఓబుళరెడ్డి చేతికిచ్చింది. ఆయన చావి పెట్టి బొటనవేలితో నొక్కాడు. సగం దిగి ఆగింది. రెండు చేతులతో నొక్కాడు. దిగలేదు. పక్కన చెక్క సుత్తి తీసుకుని తట్టాడు, అప్పుడు కూర్చుంది. తిరగేసి విదిలించాడు. ఊడిపడలేదు.

"ఇంగ మూడు ఎప్పుడైతాయి?" అన్నాడు. నన్ను అడగలేదు, మహబూబ్‌ను అడగలేదు.

"టీ తాగి పో అన్నా. తాగేలోపు ఒకటైతాది, మిగతా రెండూ సాయంత్రానికి పంపిస్తా."

"మంగళవారం నలభై తెస్తా. అవి గూడా ఇట్లే ఉండాల."

"ఆరు కోస్తూనే పట్టి సూస్తా. ఊగేది నీ దాకా రాదు."

ఓబుళరెడ్డి టీ పూర్తిగా తాగాడు. జీపు పోయింది. మహబూబ్ ఫోను నాలుగోసారి మోగింది. ఆయన షెడ్డు వాకిట్లోకి పోయి, ఎత్తి, అవతలి మనిషిని మాట్లాడనివ్వకుండానే, "నేను రాడంల్యా. వేరేవాణ్ణి చూసుకో," అన్నాడు. తర్వాత ఉర్దూలో ఏదో అన్నాడు, నవ్వాడు, పెట్టేశాడు. పెట్టేసి అక్కడే, రేకుల వాకిలికి మధ్యలో, ఏమి చేయాలో తెలియనట్టు నిలబడిపోయాడు.

షంషాద్ మిగతా రెండు షాఫ్టుల్లో ఒకటి బిగిస్తోంది. తల ఎత్తలేదు.

"వెలుతురుకు అడ్డమొస్తాండావు," అంది. "పక్కకు జరుగు."

ఆయన జరిగాడు. ఎక్కడికీ పోలేదు.